ఏం చదవమంటారు? పేరున్న పుస్తకం పక్కనున్న పుస్తకాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలదీ వాట్సాప్ మెసేజ్‌లదీ ఒకటే పాట: "చివరకు మిగిలేది, మైదానం, వేయిపడగలు, తులసీదళం... ఇవి తప్ప ఇంకేమైనా చెప్పండి బాబూ!" సరే, అలాగే. నాకు తెలిసి దీనికి ఒకటే చిట్కా ఉంది. పేరుమోసిన పుస్తకం ఏ అరలో ఉందో ఆ అర దగ్గరకే వెళ్లండి, దాన్ని తీయకుండా పక్కదాన్ని తీయండి. చాలామంది మంచి రచయితలు ఒక్క పుస్తకంతోనే గుర్తుండిపోతారు, మిగతావి దాని వెనక పడి నలిగిపోతాయి. ఇంకొందరి విషయంలో ఆ ఒక్కటి కూడా బయటికి రాలేదు. ఈసారి జవాబులన్నీ ఆ రెండు రకాల పుస్తకాల గురించే. ప్రశ్నలు కాస్త కుదించాను, పొడుగ్గా రాసినవాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. చదివేదంతా బస్సులోనే. యండమూరి, మల్లాది, మధుబాబు అన్నీ అయిపోయాయి. చేతిలోంచి కింద పెట్టలేని నవల కావాలి. సాహిత్యం అని చెప్పి నిద్రపుచ్చొద్దు. (గాజువాక)

నిద్రపుచ్చను గానీ, దిగాల్సిన స్టాపు దాటిపోతే నన్ను తిట్టకూడదు మరి.

డాక్టర్ కేశవరెడ్డి పేరు వినే ఉంటారు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్టురోగుల ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు, ఊరు మాత్రం చిత్తూరు వైపు. ఆయన 'మునెమ్మ' తీసుకోండి. గిత్తని అమ్ముకొస్తానని తోలుకెళ్లిన మొగుడు ఇంటికి రాలేదు. గిత్త మాత్రం ఒంటరిగా తిరిగొచ్చింది. మునెమ్మ ఎవరి కోసమూ ఎదురుచూడదు, ఏడుస్తూ కూర్చోదు. ఆ గిత్తనీ, చిన్నబ్బ అనే కుర్రాణ్ణీ వెంటబెట్టుకుని మొగుడు నడిచిన దారినే బయల్దేరుతుంది. ఇంక ఆ దారిలో ఎవరు నిజం చెప్తున్నారో ఎవరు అబద్ధం చెప్తున్నారో ఆవిడతో పాటు మనమూ మొహాలు చూసి పోల్చుకోవాల్సిందే. పోలీసులు లేరు, వేలిముద్రలు లేవు, డిటెక్టివ్ లేడు. అయినా నేను చదివిన తెలుగు థ్రిల్లర్లలో ఇంత బిగువైనవి చాలా తక్కువ. నవల మొదట్లోనే గిత్తకీ మునెమ్మకీ సంబంధించిన ఒక సన్నివేశం ఉంది, దాని మీద చాలా వాదనలు జరిగాయి. అక్కడ ఆగిపోకండి. చిత్తూరు యాస కూడా మన ఉత్తరాంధ్ర చెవికి ఓ ఐదారు పేజీలు అడ్డం పడుతుంది, ఆ తర్వాత అదే మాట్లాడుతుంటారు ఇంట్లో.

అది నచ్చితే ఆయనదే 'అతడు అడవిని జయించాడు'. ఇది పొద్దుగూకే వేళ మొదలై తెల్లారేసరికి అయిపోతుంది, అంటే సరిగ్గా మీ సి షిఫ్టు, అదే రాత్రి డ్యూటీ అంత కథ. పందుల్ని మేపుకునే ఓ ముసలాయన, తప్పిపోయిన సుక్కపంది కోసం అడివిలోకి వెళ్తాడు. అది అప్పటికే ఈని ఉంటుంది. పిల్లల తల్లి దగ్గరికి రానివ్వదు, రాత్రేమో ముంచుకొస్తోంది, చుట్టూ ఆకలిగా తిరిగే జంతువులు. అంతే కథ. ఆ ముసలాయనకి పేరు కూడా ఉండదు. అయినా ఆయన చెట్టెక్కినప్పుడు మనకి కాళ్లు వణుకుతాయి.

డిటెక్టివే కావాలంటే, మధుబాబు కంటే ముందు తరం వాడు కొమ్మూరి సాంబశివరావు ఉన్నాడు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, పాత మద్రాసు వీధులు. ఇప్పటి వేగం ఆశించకండి. కానీ ట్రంక్ కాల్ బుక్ చేసి హంతకుణ్ణి పట్టుకునే కాలంలో అదో సరదా.

ప్రశ్న: నేను ఏయూలో పీజీ చేస్తున్నాను. కాఫ్కా, మురకామి చదువుతాను. తెలుగులో అలాంటి రచయిత ఎవరూ లేరని మా హాస్టల్లో పందెం. నేను ఉన్నారన్నాను, పేరు మాత్రం నాకూ తెలియదు. (చినవాల్తేరు)

పేరు తెలియకుండా పందెం కాశావా తమ్ముడూ, ధైర్యం మెచ్చుకోవాలి. పందెం నువ్వే గెలిచావు. పేరు త్రిపుర.

అసలు పేరు చాలా పొడుగు, రాయసం వెంకట త్రిపురాంతకేశ్వరరావు. అగర్తలాలో చాన్నాళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక మన విశాఖపట్నంలోనే ఉన్నాడు, 2013లో ఇక్కడే పోయాడు. అంటే నువ్వు కాఫ్కా కోసం ఆయన ఊరు ప్రాగ్ దాకా వెళ్లక్కర్లేదు. రాసినవి అన్నీ కలిపినా ఓ చిన్న పుస్తకమే, 'త్రిపుర కథలు'. ఎక్కువగా అరవైల్లో, డెబ్భైల మొదట్లో రాసినవి. ఆయనకి కాఫ్కా అంటే ఎంత పిచ్చంటే 'కాఫ్కా కవితలు' అని విడిగా పద్యాలే రాసుకున్నాడు.

ఎక్కడ మొదలుపెట్టాలంటావా? 'భగవంతం కోసం' తో. ఒకడు భగవంతం అనే మనిషి కోసం ఎదురుచూస్తుంటాడు. చుట్టూ మనుషులు వస్తుంటారు, పోతుంటారు, ఏవేవో మాట్లాడుతుంటారు. భగవంతం సంగతి నేను చెప్పను. కథ అయ్యాక 'అసలేం జరిగింది?' అని నీ రూమ్మేట్ అడుగుతాడు, నువ్వు చెప్పలేవు, కానీ ఆ హోటలు వాసన నీకు రెండ్రోజులు వదలదు. ఆ తర్వాత 'పాము' చదువు. అందులో శేషాచలపతి అనే స్టూడెంటు ఉంటాడు, బెనారస్‌లో చదువుకుంటుంటాడు. మనిషి తెలివైనవాడు, అబద్ధాలకోరు, ఏ మాటా నమ్మడానికి లేదు, అయినా పక్కనుంచి లేవబుద్ధి కాదు. హాస్టల్లో ఇలాంటివాడు ఒకడు తప్పకుండా ఉంటాడు, చదివాక ఎవరో నువ్వే చూసుకో.

ఒక్క జాగ్రత్త. వరసగా చదవకు. ఈ కథలు రోజుకొకటి చాలు. ఒకేసారి చదివేస్తే అన్నీ ఒకే పొగలా కలిసిపోతాయి, తర్వాత 'అర్థం కాలేదు' అని పక్కన పడేస్తావు. మురకామి పోలిక మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ చివరికి ఏదో ఓ ఓదార్పు దొరుకుతుంది, ఇక్కడ దొరకదు.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్ని. ప్రేమ కథలంటే ఇష్టం, చెప్పుకోడానికి సిగ్గు లేదు. కానీ హీరోయిన్ నవల సాంతం ఏడిచే రకం వద్దు, మా కాలంలో చాలినన్ని చదివాను. (ఎంవీపీ కాలనీ)

మేడమ్, మీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది. మీ ఊరి నవలే మీకు చెప్తాను. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. 'అది తెలిసిందే కదా' అంటారేమో. పుస్తకాలు విపరీతంగా చదివేవాళ్లకి తెలుసు. మిగతా ఊరికి తెలియదు. నేను అడిగి చూశాను, 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా పాటలు పాడేవాళ్లు కూడా అది ఈ నవల నుంచి వచ్చిందంటే ఆశ్చర్యపోతారు.

శ్రీదేవి అనకాపల్లి మనిషి, వృత్తికి డాక్టరు, 1961లో చిన్న వయసులోనే పోయారు. 'తెలుగు స్వతంత్ర' పత్రికలో 1957-58లో సీరియల్‌గా వచ్చింది ఈ నవల. కథంతా విశాఖపట్నంలోనే. ఇందిర అనే అమ్మాయి ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంటుంది, మేడ మీద గదిలో ప్రకాశం అనే మెడికల్ స్టూడెంటు అద్దెకి దిగుతాడు. ఇక్కడిదాకా మీరు వంద నవలల్లో చదివే ఉంటారు. తేడా ఎక్కడంటే, ఇందిర మంచి అమ్మాయి కాదు. చెడ్డ అమ్మాయి కూడా కాదు. తనకి కావాల్సింది తను అడుగుతుంది, ఎదుటివాడు పిరికివాడైతే ఆ మాట మొహం మీదే తేల్చేస్తుంది, దెబ్బ తగిలితే తుడుచుకుని పని చూసుకుంటుంది. ప్రకాశం లాంటి మెత్తని మగవాణ్ణి, అంటే చెడ్డవాడు కాదు గానీ ఏ నిర్ణయమూ తీసుకోలేనివాణ్ణి, ఇంత శుభ్రంగా విప్పి చూపించిన నవల ఇంకొకటి నాకు గుర్తు రావడంలేదు. కల్యాణి, వసుంధర కూడా ఉన్నారు, వాళ్ల కథలు వేరు. మీరు బహుశా కల్యాణి పక్షం తీసుకుంటారు. నేను ఇందిర పక్షం. ఒకసారి చదివి రాయండి, కొట్లాడుకుందాం.

రెండోది నిజంగానే మరుగునపడ్డది. ఉప్పల లక్ష్మణరావు 'అతడు-ఆమె'. ఈయన బరంపురంలో పుట్టి, వృక్షశాస్త్రం చదివి, స్విట్జర్లాండ్ అమ్మాయిని పెళ్లి చేసుకుని, తర్వాత మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలు తెలుగు చేసిన మనిషి. నవల పూర్తిగా డైరీలు. భర్త శాస్త్రి డైరీ ఒకటి, భార్య శాంతం డైరీ ఒకటి. ఒకే సంఘటన ఆయన రాసుకుంటే ఓ రకంగా ఉంటుంది, ఆవిడ రాసుకుంటే ఇంకో రకంగా. వెనకాల స్వాతంత్ర్యోద్యమం నడుస్తుంటుంది, ముందు మాత్రం ఒక సంసారం. పుస్తకం లావుగా ఉంటుంది, మొదట్లో కొంచెం నెమ్మది. కానీ ముప్ఫై నలభై ఏళ్లు కాపరం చేసినవాళ్లకి ఇది నచ్చినంతగా కొత్తగా పెళ్లయినవాళ్లకి నచ్చదు.

ద్వివేదుల విశాలాక్షి గారివి మీరు ఆ రోజుల్లోనే చదివి ఉంటారు. 'వారధి' ఒకసారి మళ్లీ తీయండి.

ప్రశ్న: కామెడీ కావాలి. బారిష్టర్ పార్వతీశం కాదు. (గోపాలపట్నం)

ఇంత చిన్న ప్రశ్నకి ఇంత పెద్ద జవాబు ఎందుకని అడక్కండి, పతంజలి పేరెత్తితే నాకు ఆగదు.

కె.ఎన్.వై. పతంజలిది విజయనగరం జిల్లా అలమండ. పత్రికల్లో సంపాదకుడిగా పనిచేశాడు, 2009లో పోయాడు. ఆయన పేరు చెప్తే ఎక్కువమంది పోలీసుల మీద రాసిన 'ఖాకీవనం' అంటారు. మీరు దాన్ని అరలోనే ఉంచి 'గోపాత్రుడు' తీయండి. అలమండలో గోపాత్రుడు అనే ఆయన భూమి గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉంది అంటాడు. అక్కడ మొదలవుతుంది. ఇక ఊరు రెండు ముక్కలైపోతుంది. బల్లపరుపు అన్నవాడికి భూగోళంతో పనిలేదు, గుండ్రం అన్నవాడికీ లేదు. ఎవడికి ఎవడితో పాత తగవు ఉందో, వాడు ఏ వైపుంటే వీడు రెండో వైపు. పొలం గట్టు దగ్గర కొట్టుకున్నవాళ్లు ఇప్పుడు గ్రహాల గురించి కొట్టుకుంటారు, తలకాయలు పగులుతాయి. దాని తరువాయి 'పిలకతిరుగుడు పువ్వు'. అందులో ఈ తగాదా కోర్టుకెక్కుతుంది. భూమి ఎలా ఉందో న్యాయస్థానం తేల్చాలి. తీర్పు ఏమొచ్చిందో నేను చెప్పను. సాక్షుల విచారణ దగ్గర మాత్రం బస్సులో చదవకండి, పక్కవాళ్లు మిమ్మల్ని అదోలా చూస్తారు.

నవ్వు సంగతి పక్కనపెడితే, ఆ రెండు పుస్తకాల్లో ఆయన పట్టుకున్నదేంటంటే, మనవాళ్లు నిజమేదో తెలుసుకోవాలని వాదించరు, తమ పక్షం గెలవాలని వాదిస్తారు. ఇవాళ టీవీ పెడితే రోజూ అలమండే కనిపిస్తుంది. 'వీరబొబ్బిలి' ఇంకోటి, చితికిపోయిన రాజుల లోగిట్లో పెరిగే కుక్క కథ, దాని పౌరుషం ముందు యజమానుల పౌరుషం దిగదుడుపు. దెయ్యాల కథలు కావాలని సీతమ్మధార నుంచి రాసినవారికి కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను, పతంజలిదే 'ఒక దెయ్యం ఆత్మకథ'. భయం వెయ్యదు. దెయ్యాల కంటే మనుషులే నయమనుకునేవాళ్లు మాత్రం చదవకపోవడం మంచిది.

ఇంకొకరు మన ఊరివారే, భమిడిపాటి రామగోపాలం, అందరికీ భరాగో. 'ఇట్లు మీ విధేయుడు' కథలకి 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అవార్డు వచ్చిన పుస్తకమని భయపడకండి, ఆఫీసులో పక్క సీటాయన టీ తాగుతూ చెప్పినట్టే ఉంటాయి.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. హ్యారీ పోటర్ మూడుసార్లు చదివాడు. తెలుగు పుస్తకం అంటే 'నీతి కథలా అమ్మా?' అంటాడు. ఏదైనా మాయ కావాలి. (మధురవాడ)

అబ్బాయి అడిగినదాంట్లో తప్పేం లేదమ్మా, మనం వాళ్లకి ఇస్తున్నవి ఎక్కువ అవే.

విశ్వనాథ సత్యనారాయణ అనగానే వేయిపడగలు, ఆ లావు, ఆ భాష గుర్తొచ్చి పెద్దవాళ్లే పారిపోతారు. కానీ ఆయన 'హాహాహూహూ' అని ఓ చిన్న పుస్తకం రాశాడు. లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఒకరోజు పొద్దున్నే ఓ వింత ప్రాణి పడి ఉంటుంది. గుర్రం తల, మనిషి ఒళ్లు, రెక్కలు. అది మన పురాణాల్లోని గంధర్వుడు. లండన్ వాళ్లకి ఏంచేయాలో తెలియక బోనులో పెడతారు. ఆయనేమో సంస్కృతం మాట్లాడతాడు. పండితులు వస్తారు, శాస్త్రవేత్తలు వస్తారు, పత్రికలవాళ్లు వస్తారు. ఎవరు ఎవర్ని పరీక్షిస్తున్నారో కాసేపటికి తెలియదు. ముందు మీరు రెండు మూడు పేజీలు పైకి చదివి వినిపించండి, భాష కొంచెం పాతది. బోను దగ్గరికి వచ్చాక వాడే లాక్కుంటాడు.

ఆయనదే 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' ఇంకా సరదా. పంచతంత్రం రాసిన విష్ణుశర్మా, మన తిక్కన సోమయాజీ కలిసి రచయిత కలలోకి వచ్చి ఇంగ్లీషు నేర్పమంటారు. ఆ స్పెల్లింగులకి ఒక లెక్కాపత్రం ఎందుకు లేదో వాళ్లిద్దరూ అడిగే ప్రశ్నలకి ఏ ఇంగ్లీషు మీడియం స్కూలూ జవాబు చెప్పలేదు. మీ వాడికి బాగా నచ్చుతుంది, ఎందుకంటే ఇవన్నీ వాడు లోలోపల అనుకునేవే.

ప్రశ్న: రైల్వేలో చేసి రిటైరయ్యాను. రైళ్ల మీద, అడివి మీద కథలు చెప్పండి. (జ్ఞానాపురం)

రెండూ మీవాళ్లే రాశారు సార్! అల్లం శేషగిరిరావు రైల్వే ఆఫీసరు, ఈ ఊళ్లోనే ఉండేవారు, తుపాకి పట్టి తిరిగిన మనిషి. తెలుగులో వేట కథలంటే ఆయనవే, సంపుటం పేరు 'అరణ్యఘోష'. 'చీకటి' అనే కథ ముందు చదవండి. రాత్రి వేటకి కాపు కాసి కూర్చున్న ఇద్దరు, ఒకాయన బాగా ఉన్నవాడు, రెండోవాడు డిబిరిగాడు. చలి. చేయాల్సిన పనేమీ లేదు, వేచి ఉండటమే. అప్పుడు డిబిరిగాడు తన బతుకు చెప్పడం మొదలుపెడతాడు. వేట కథ అనుకుని కూర్చున్నవాళ్లకి ఎప్పుడు అది ఇంకో కథ అయిపోయిందో తెలియదు. పగలు జీపులో ఒకడు దొర, ఒకడు కూలీ. చీకట్లో చలి ఇద్దరికీ ఒకటే. ఆ మాట ఆయన ఎక్కడా చెప్పడు, మనకి తెలుస్తుంది అంతే.

రైళ్ల మీద ఘండికోట బ్రహ్మాజీరావు 'శ్రామికశకటం'. ఆయనా రైల్వే అధికారే. రైలెక్కి తిరిగేవాళ్ల కథ కాదు, రైలు నడిపించే కార్మికుల కథ. ఇది దొరకడం కష్టం. మీ పాత కొలీగ్స్ ఇళ్లల్లో అడగండి, ఎవరి బీరువాలోనో తప్పకుండా ఉంటుంది.

ప్రశ్న: చరిత్ర నవలలు కావాలి. అడివి బాపిరాజువి చదివేశాను. (అక్కయ్యపాలెం)

నోరి నరసింహశాస్త్రి. రేపల్లెలో ప్లీడరు. శ్రీనాథుడి మీద 'కవిసార్వభౌముడు', ఇంకా 'ధూర్జటి'. యుద్ధాలు తక్కువ, కవులూ రాజులూ మతాల తగాదాలూ ఎక్కువ. యుద్ధాలే కావాలంటే తెన్నేటి సూరి 'చెంఘిజ్ ఖాన్', అది కొంచెం పేరున్నదే, అయినా చదవనివాళ్లు చాలామంది.

ప్రశ్న: మీరు ప్రతిసారీ రావిశాస్త్రిని వదిలేస్తారు. విశాఖపట్నంలో ఉండి ఇది అన్యాయం. (మహారాణిపేట)

వదిలేయడానికి కారణం ఉంది. ఈ శీర్షిక తెలియని పుస్తకాల కోసం. ఆయన విగ్రహం బీచ్ రోడ్డు మీదే ఉంది, ఆయన్ని తెలియని రచయిత అని ఎలా అంటాను? కానీ అడిగారు కాబట్టి ఒక సంగతి చెప్తాను. అందరూ 'అల్పజీవి', 'ఆరు సారా కథలు' దగ్గరే ఆగుతారు. 'ఋక్కులు' ఎంతమంది చదివారు? శ్రీశ్రీ పద్యంలో కుక్కపిల్ల, అగ్గిపుల్ల, సబ్బుబిళ్ల వరసగా వస్తాయి కదా, రావిశాస్త్రి ఆ ఒక్కొక్క వస్తువునీ పట్టుకుని ఒక్కో కథ రాశాడు. 'తలుపు గొళ్లెం' అని ఒక కథ, 'అరటితొక్క' అని ఒక కథ. చిన్న చిన్న కథలు, చిన్న చిన్న మనుషులు. ఒక విశాఖపట్నం కవి రాసిన పద్యానికి ఇంకో విశాఖపట్నం లాయరు కథలతో జవాబు చెప్పడం ఇంకెక్కడ జరుగుతుంది?

రావిశాస్త్రి అంటే ఇష్టమైనవాళ్లు బీనాదేవిని కూడా పట్టుకోండి. అది ఒకరి పేరు కాదు, భార్యాభర్తలు ఇద్దరు కలిసి పెట్టుకున్న కలం పేరు. ఆయన నరసింగరావు, జడ్జిగా పనిచేశారు. 'పుణ్యభూమీ కళ్లు తెరు', 'హేంగ్ మీ క్విక్' చూడండి. కోర్టుని బయట బెంచీ మీద నుంచి కాకుండా లోపలి కుర్చీలోంచి చూసినవాళ్ల రాతలు.

ప్రశ్న: మాది పెదజాలారిపేట. మా సముద్రం మీద, మావాళ్ల మీద నవలలే లేవా? బీచ్‌లో ప్రేమించుకునేవి కాదు. (పేరు రాయవద్దన్నారు)

మీ ప్రశ్న మంచి చురకే. తెలుగు నవలల్లో బీచ్ ఉన్నంతగా సముద్రం లేదు. సముద్రం అంటే హీరో బాధపడుతూ నడవడానికి ఒక చోటు, అంతకుమించి రాసినవాళ్లు తక్కువ. చింతకింది శ్రీనివాసరావు 'మున్నీటి గీతలు' చదవండి, ఉత్తరాంధ్ర జాలర్ల బతుకు మీద రాసిన నవల. చదివాక, వలా తెప్పా ఎలా ఉన్నాయో, మీ ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడే మాటలు అందులో సరిగ్గా పడ్డాయో లేదో మీరే చెప్పాలి. మీరు రాసిన ఉత్తరంలో మీ తాతగారు గాలి చూసి తెప్ప వెయ్యాలో వద్దో చెప్పేవారని ఒక పేరా ఉంది, అది ఈ శీర్షికలో పట్టదు, కానీ కథగా రాయకపోతే ఊరుకోను.

కొంచెం పక్కగా, బలివాడ కాంతారావు కూడా ఉన్నారు. వంశధార ఒడ్డున మడపాంలో పుట్టారు, 'వంశధార' పేరుతోనే ఒక నవల రాశారు. 'దగాపడిన తమ్ముడు' ఇంకొకటి. నది మనుషులు, సముద్రం మనుషులు కాదు, అయినా పేదవాడు ఎలా మోసపోతాడో ఆయన దగ్గర చూడాలి.

ప్రశ్న: మీరు చెప్పినవి షాపులో అడిగితే 'లేదు సార్, ఔట్ ఆఫ్ ప్రింట్' అంటున్నారు. దొరకని పుస్తకాలు చెప్పి ఊరించడం దేనికి? (ఎన్ఏడీ)

కోపం న్యాయమైనదే. కొన్ని దారులు చెప్తాను.

విడి పుస్తకం పేరుతో అడక్కండి. పతంజలి, రావిశాస్త్రి లాంటివాళ్లవి సమగ్ర సంపుటాలుగా వచ్చాయి. 'గోపాత్రుడు ఉందా' అంటే లేదంటారు, 'పతంజలి సాహిత్యం ఉందా' అంటే పైఅరలోంచి తీసిస్తారు. విశాలాంధ్ర లాంటి తెలుగు పుస్తకాల షాపుకి వెళ్లి, కౌంటర్ దగ్గర కుర్రాణ్ణి కాకుండా ఏళ్ల తరబడి అక్కడే ఉన్న పెద్దాయన్ని అడగండి. షాపులో ఆ ఒక్కరికే అన్నీ గుర్తుంటాయి.

ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి నడిచిపోవచ్చు, అయినా ఊళ్లో సగం మంది దాన్ని పోటీ పరీక్షలకి చదువుకునే చోటే అనుకుంటారు. యూనివర్సిటీ వాళ్లకైతే వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ఉండనే ఉంది, పాత పత్రికల బైండ్లు కూడా దొరుకుతాయి, దుమ్ముకి తుమ్ములొస్తే రుమాలు తీసుకెళ్లండి.

కథలైతే శ్రీకాకుళం కథానిలయం. కాళీపట్నం రామారావు మాష్టారు, ఇక్కడ విశాఖపట్నంలోనే స్కూలు టీచరుగా పనిచేసిన మనిషి, 1997లో మొదలుపెట్టారు. అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒకచోట ఉండాలని పంతం. ఆయన ఇప్పుడు లేరు, సేకరించినవి ఉన్నాయి, చాలా కథలు వాళ్ల వెబ్‌సైట్లో స్కాన్ చేసి పెట్టారు, ఊరికే చదువుకోవచ్చు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్ (archive.org) సైట్లో కూడా పాత తెలుగు నవలలు కుప్పలుగా ఉన్నాయి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా కొట్టి వెతకాలి, ఎవరికి తోచిన స్పెల్లింగ్ వాళ్లు పెట్టారు.

ఇంకా దొరక్కపోతే జనవరిలో విజయవాడ పుస్తకాల పండగ. లిస్టు రాసుకుని వెళ్లండి, లేకపోతే వంటల పుస్తకాలతో తిరిగొస్తారు.

ప్రశ్న: మొదలుపెట్టిన పుస్తకం పూర్తి చేయకపోతే తప్పు చేసినట్టు ఉంటుంది. అలా ఆరు నెలలుగా ఒకే నవల దగ్గర ఇరుక్కుపోయాను. టెన్షన్‌గా ఉంది. (కంచరపాలెం)

మూసేయండి. ఇవాళే. ఎవరూ పరీక్ష పెట్టరు. నా లెక్క యాభై పేజీలు, చిన్న పుస్తకమైతే ఇరవై. అప్పటికీ మీకు అందులో ఒక్క మనిషి గురించి కూడా 'తర్వాత వీడు ఏమయ్యాడు' అనిపించకపోతే, అది మీ పుస్తకం కాదు, ఇంకెవరిదో. త్రిపురకి ఈ లెక్క పనికిరాదు, ఆయనది కథ మొత్తం చదివి తేల్చుకోవాల్సిందే. కేశవరెడ్డికి పది పేజీలు చాలు.

ఆ ఆరు నెలల నవల పేరు మీరు రాయలేదు, రాసినా ఇక్కడ వేసేవాణ్ణి కాదు. దాన్ని పక్కింటివాళ్లకి ఇచ్చేసి, బదులు వాళ్ల బీరువాలోంచి మీరు ఎప్పుడూ పేరు వినని పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకోండి. ఏం దొరికిందో వచ్చే నెల పదో తారీకు లోపు రాస్తే ఇక్కడ వేస్తాం. సైన్స్ ఫిక్షన్ గురించి అడిగిన మురళీనగర్, సింహాచలం వాళ్లకి కూడా అప్పుడే జవాబు.